సూరత్ దారిలో శబ్దం ఆగిన చోటు

మా మెట్‌పల్లిలో ఏ వాడకు వెళ్లినా సూరత్ చూసొచ్చిన మనిషి ఒకరైనా దొరుకుతారు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనికి పోయినవాళ్లు, వాళ్లను చూడటానికి పోయినవాళ్లు. అందరూ బస్సులోనో రైల్లోనో వెళ్లొచ్చినవాళ్లే. మేము మాత్రం మొన్న వానాకాలం చివర కారులో వెళ్లాం. అలా వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మంచి మాటలు చెబుదామనే ఇది మొదలుపెట్టాను. రాస్తూ పోతే ఎక్కడికి తేలుతుందో నాకే తెలియదు.

మా ఒక్కగానొక్క బిడ్డ మౌనికను సూరత్‌లో ఇచ్చాం. అల్లుడు సంపత్ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఏడో నెలలో ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో కాన్పు అక్కడే జరిగింది. ఆడపిల్ల. రెండు నెలలు నిండాక తల్లీబిడ్డలను మా ఇంటికి తెచ్చుకుందామనుకున్నాం. పసిదాన్ని బస్సులో తేవడానికి నా భార్య విజయ ససేమిరా అంది. నాకు విత్తనాల దుకాణం. చుట్టుపక్కల ఊళ్లు తిరగడానికి ఆ మధ్యనే నిజామాబాద్‌లో ఒక పాత కారు కొన్నాను. అదే తీశాం.

జాల్నా నుంచి నవాపూర్

మొదటి రాత్రి జాల్నాలో పడుకున్నాం. అక్కడి జొన్నరొట్టె మన రొట్టె కంటే పల్చన. శనగపిండితో జారుగా వండిన కూర వేస్తారు, పక్కన పచ్చి ఉల్లిగడ్డను గుప్పిటతో చితక్కొట్టి పెడతారు. విజయకు కూర నచ్చింది, ఉల్లిగడ్డ చితక్కొట్టే పద్ధతి ఇంకా నచ్చింది.

రెండో రోజు ధూళే దాటాక, సాక్రీ దగ్గర స్పీడ్ బ్రేకర్‌కు కారు కడుపు రాసుకుంది. ఆ తర్వాత మొదలైంది శబ్దం. నెమ్మదిగా పోతే ఏమీ ఉండదు. అరవై దాటితే మా కాళ్ల కింద ఎవరో తలుపు తట్టినట్టు మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్లీ మూడు దెబ్బలు. గొడుగు పట్టుకుని దిగి వంగి చూశాను. ఇంజన్ కిందికి నీళ్లూ బురదా చిమ్మకుండా నల్లటి ప్లాస్టిక్ రేకు ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు అండర్ కవర్ అంటారు. దాని మూల కొంచెం వేలాడుతోంది. చేత్తో పైకి నొక్కితే ఆగింది. పది కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే చప్పుడు. మూడుసార్లు దిగాను, మూడుసార్లు నొక్కాను.

నవాపూర్ తర్వాత రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు. పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకోవాల్సినంత వాన. ఊళ్లు లేవు, మనుషులు లేరు. కింద ఆ దెబ్బలు మాత్రం లెక్క తప్పకుండా పడుతున్నాయి. విజయ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది.

"ఎవలో లోపలికి రానియ్యుమని కొడుతున్నట్టే ఉన్నది," అంది.

రేడియో పెట్టాను. దాని కింద నుంచి కూడా వినబడింది. గుజరాత్‌లోకి వచ్చాక, సోన్‌గఢ్ ఇంకా చాలా దూరం ఉందనగా ఒక దిగుడు వచ్చింది. అక్కడ ఒక్కసారి గట్టిగా 'ఫట్' మంది. ఆ తర్వాత నిశ్శబ్దం. టైర్ల కింద నీళ్ల సవ్వడి తప్ప ఏమీ లేదు.

విజయ కాళ్లు కిందికి దించి, డ్యాష్‌బోర్డు మీది దేవుడికి దండం పెట్టుకుంది. నాకూ గుండెల మీది బండ దిగినట్టయింది. వేగం పెంచాను. అప్పుడు వెనక అద్దంలో చూశానో లేదో ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాదు. వ్యారాలో చాయ్ తాగాం. అక్కడ కప్పులో చాయ్ రకాబీలో ఒంపి, ఆ రకాబీతోనే తాగుతారు. మా నాయన కూడా అట్లాగే తాగేవాడని విజయతో చెప్పి నవ్వుకున్నాను.

కోసాడ్

సంపత్ వాళ్లుండేది ఊరి అంచున, కోసాడ్‌లో సర్కారు కట్టించిన కాలనీలో. నాలుగంతస్తుల బ్లాకులు, అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. వానలకు అంకెలు చెరిగిపోయాయి. సామాను పట్టుకుని రెండో అంతస్తుకు ఎక్కి తలుపు కొట్టాను. తీసింది మౌనిక వయసు పిల్ల. వీడియో కాల్‌లో చూసిన అదే పచ్చ పరదా, అదే మూలలో చీర ఉయ్యాల, ఉయ్యాలలో పసిబిడ్డ. నేను లోపలికి అడుగు పెట్టి "బిడ్డా" అనబోయి ఆ అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాను. ఆమె భయపడలేదు. ఇలాంటివి అలవాటే అన్నట్టు పక్క బ్లాకు వైపు చెయ్యి చూపి తలుపు వేసుకుంది.

సరైన ఇల్లు చేరి, మనుమరాలిని ఒళ్లో పెట్టుకున్నాక కూడా ఆ మొదటి ఇల్లు కళ్లలోంచి పోలేదు.

గోడాదరా

మరునాడు వియ్యంకులను చూడటానికి గోడాదరా వెళ్లాం. అక్కడ సందుల్లో తిరుగుతుంటే కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఉన్నట్టుంటుంది. దుకాణాల మీద తెలుగు అక్షరాలు, ఎక్కడో సర్వపిండి కాలుతున్న వాసన. అయితే ఏ గోడకు చెవి ఆనించినా అవతల సాంచాల ఖటఖట. మా వియ్యపురాలు ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడులో ఉంది, అది ఆగితేనే ఆమెకు నిద్ర చెడుతుందట.

గోడాదరా నిండా స్పీడ్ బ్రేకర్లే. ప్రతిదాని మీదా కారు కింద ఏదో గీసుకుంటోంది. సంపత్ నన్ను అమ్రోలీ దారిలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతడు తల వంచి ఒక్క చూపు చూసి, క్లిప్పులు పోయాయని హిందీలో చెప్పి, బొటనవేలంత ప్లాస్టిక్ క్లిప్పులు ఆరు నొక్కి పంపించాడు. ఒక్కోటి పది రూపాయలు. ఇంత బరువు రేకును ఇంత చిన్న గుబ్బలు ఆపుతాయా అని అడిగితే, కంపెనీవే ఇట్లా ఉంటాయన్నాడు. పక్కన బండి మీద లోచో తిన్నాం. ఉడికిన శనగపిండి ముద్ద మీద నూనె, సన్న కారప్పూస. వేడిగా ఉన్నంతసేపు చాలా బాగుంటుంది.

తెల్లారి పాలకని కిందికి దిగాను. కారు ముందు చక్రం పక్కన మూడు నల్లటి క్లిప్పులున్నాయి. పడిపోయినట్టు చెల్లాచెదురుగా లేవు. చీమల బారులా ఒక వరుసలో, ఒకదానికొకటి సమానమైన ఎడంతో పేర్చి ఉన్నాయి.

మెకానిక్ పనితనమేనని తిట్టుకుని మళ్లీ అతని దగ్గరికే వెళ్లాను. వరుసలో పేర్చి ఉన్నాయని చెబితే అతడు నన్ను ఒకలాగా చూశాడు. ఈసారి ఇంకొంచెం లావు క్లిప్పులు వేశాడు.

రింగ్ రోడ్, ఒక నల్లదారం

ఆ రోజంతా రింగ్ రోడ్ మార్కెట్లలో గడిచింది. మనుషుల కంటే చీరల మూటలే ఎక్కువగా నడుస్తున్నట్టుంటాయి, కింద మోస్తున్న మనిషి కనబడడు. మెట్‌పల్లి దుకాణంలో ఉన్న చీరే ఇక్కడ సగం ధరకు కనిపిస్తే విజయ మురిసిపోవడానికి బదులు, ఇన్నేళ్లూ మోసపోయానని బాధపడింది. నా మనసు చీరల మీద లేదు.

తర్వాతి పొద్దున ఆరు క్లిప్పులూ వరుసలో ఉన్నాయి. బ్లాకు ముందుకు పొడుచుకొచ్చిన చోట కారు పెట్టాను కాబట్టి అక్కడ వాన తగలదు, నేల మీద బూడిద రంగు దుమ్ము. నేను మోకాళ్ల మీద వంగి కారు కిందికి చూశాను. దుమ్ములో ఒక మనిషి పడుకున్న అచ్చు ఉంది. భుజాలు, వీపు, రెండు మడమలు. తల ఆనిన చోట కొప్పు గుర్తు, గుండ్రంగా.

నేను లేచేసరికి పక్కింటావిడ మెట్ల మీద నిలబడి చూస్తోంది. మాది పాలమూరు అని మొదటి రోజు కలుపుగోలుగా మాట్లాడిన మనిషే. ఇదేంటమ్మా అని అడిగాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చేయి తగిలిన బండి అచ్చిరాదని, కిందింట్లో ఒకాయన కారు అమ్ముకున్నాడని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఎవరి చేయి అన్నది మాత్రం చెప్పలేదు. ఊడిన ఆరు క్లిప్పులనూ నేనే మళ్లీ నొక్కి పెట్టాను.

విజయకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆమె అప్పటికప్పుడు పసిదాని కాలికి నల్లదారం కట్టి, ఆ కారులో బిడ్డను ఎక్కించేది లేదని కూర్చుంది. మౌనిక ఏడుపు మొదలుపెట్టింది. పుట్టింటికి పోదామని రెండు నెలలుగా రోజులు లెక్కపెట్టుకుంటున్న పిల్ల.

సంపత్‌ను పక్కకు పిలిచి అడిగాను. అతడు చూపు తిప్పుకున్నాడు.

"ఛోడ్ దో మామా, ఇడిసిపెట్టు. ఆమెతోని ఎవరు మాట్లాడరు. నేను రిక్షా గిట్ల చూస్త, స్టేషన్ దాకా పోదురు," అన్నాడు.

ఆమె అని ఒక మనిషి ఉందని అప్పుడే తెలిసింది.

కారు కింద

మూడో తెల్లవారుజాము వెలుగు రాకముందే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆకాశం నెమ్మదిగా తెల్లబడింది. కింద కారు కనిపించింది. కారు ముందు నుంచి రెండు పాదాలు బయటికి వచ్చి ఉన్నాయి. కదలడం లేదు.

గోడ పట్టుకుని మెట్లు దిగాను. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పగిలిన మడమలు, ముసలి పాదాలు. కింద నుంచి చిన్న చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. తర్వాత విరామం. దారి పొడవునా మేము విన్న చప్పుడే.

"జర ఆగు బిడ్డా, సప్పుడు చెయ్యకు," అంది కింద నుంచి ఒక ఆడగొంతు. "ఇంటున్న."

మన భాష వినగానే సగం భయం పోయింది. కూర్చుని కిందికి చూశాను. డెబ్భై ఏళ్లకు దగ్గరగా ఉన్న ముసలావిడ వెల్లకిలా పడుకుని, వేలి కణుపుతో ఆ ప్లాస్టిక్ రేకును కొడుతూ, చెవి ఆ వైపు పెట్టి ఉంది. ఒక చోట కొట్టి, రెండు వేళ్లతో క్లిప్పు పట్టి లాగింది. అది పన్ను ఊడినంత తేలిగ్గా ఊడొచ్చింది.

"నా బండి క్లిప్పులు ఎందుకు తీస్తున్నవ్ అవ్వా?" అన్నాను.

"చేత్తోని గుంజితె ఒస్తున్నది. చేత్తోని గుంజితె ఒచ్చేది రోడ్డు మీద ఆగుతదా?"

మరి వరుసగా ఎందుకు పేరుస్తున్నావని అడిగాను. ఎన్ని ఊడాయో బండి గలాయనకు ఎరుక కావాలి కదా అంది, అందులో అడగాల్సింది ఏముందన్నట్టు. తర్వాత తల తిప్పి మొదటిసారి నన్ను చూసింది.

"దీని ఎనుక సగం ఏది?"

"సగమేంది?"

"గీ రేకు గింతనే ఉండది. ఇంకా గంత ఉంటది. గీ ఇరిగిన అంచు చూడు, కొత్తది. ఏడ పడగొట్టుకున్నవ్ బిడ్డా?"

ఆమె వేలు పెట్టిన చోట నేనూ వేలు పెట్టి చూశాను. పళ్లపళ్లుగా విరిగిన అంచు, ఇంకా మెరుస్తోంది. మెకానిక్ చూసి కూడా చెప్పలేదో, చూడనే లేదో. సోన్‌గఢ్‌కు ముందు వచ్చిన దిగుడు, ఆ 'ఫట్', ఆ నిశ్శబ్దం, విజయ పెట్టిన దండం అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి.

ఆమె పేరు లస్మవ్వ. మన రాయికల్ వైపు మనిషి. ఆమె కొడుకు మల్లేశం సాంచాల మీద పనిచేసేవాడు. నాలుగేళ్ల కింద ఒక పొద్దున డ్యూటీకి మోటారు సైకిల్ మీద హైవే వెంట వెళ్తుంటే, ముందు పోతున్న కారు కింద నుంచి నల్లటి రేకు ఊడి గాల్లోకి లేచింది. వచ్చి అతని ముఖానికి తగిలింది. వెనక లారీ ఉంది. చూసినవాళ్లు చెప్పారు. కారు మాత్రం అదే వేగంతో పోయింది. ఇదంతా ఆమె కారు కింద పడుకునే చెప్పింది.

"ఆ కారాయన పాపాత్ముడని అననయ్యా. ఆయనకు ఎరుకనే లేదు. గదే నన్ను పండనియ్యది. నా కొడుకును సంపినట్టు ఎరుక లేని మనిషి ఏడనో బువ్వ తింటున్నడు."

ముందు రోజు రాత్రి నేనూ కడుపు నిండా తిని పడుకున్నాను.

అప్పటి నుంచి కాలనీలోకి ఏ కారు వచ్చినా ఆమె తెల్లవారుజామున కింద దూరి చూస్తుంది. చెబితే ఎవరూ వినలేదట. పిచ్చిదన్నారు, మంత్రాలు చేస్తుందన్నారు, ఒకాయన కర్ర ఎత్తాడు. అందుకే చెప్పడం మానేసి, ఊడేవాటిని ఊడదీసి ముందర పెట్టడం మొదలుపెట్టింది. సంపత్‌కు ఈ సంగతంతా తెలుసు. చుట్టాలకు చెబితే భయపడతారని దాచాడు. ఇప్పుడు మెట్లు దిగి అతడే వచ్చి ముసలావిడ లేవడానికి చెయ్యి అందించాడు.

ఆ రోజు ఇంకో మెకానిక్‌ను వెతుక్కున్నాం. పాత రేకు తీయించి కొత్తది పూర్తిగా వేయించాను. ఈసారి క్లిప్పులు కాదు, వెడల్పు వాషర్లతో ఇనుప బోల్టులు. తిరిగొచ్చాక లస్మవ్వను పిలిచాను. ఆమె పగటిపూట అందరి ముందరా కారు కిందికి వెళ్లింది. బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఆమె రెండు చేతులతో పట్టి వేలాడినంత పని చేసింది. రేకు కదల్లేదు. బయటికొచ్చి చేతులు దులుపుకుని, పసిదాన్ని ఎత్తుకుని ఉన్న విజయ వైపు చూసి, ఇక పొమ్మన్నట్టు తలాడించింది. విజయ ఆమె కాళ్లకు మొక్కింది.

విరిగిన పాత సగాన్ని పారేయకుండా డిక్కీలో పెట్టించాను. రెండో సగం పడిన చోట ఎవరికైనా తగిలిందేమో కనుక్కుంటానని లస్మవ్వకు చెప్పాను.

తిరుగు దారి

సోన్‌గఢ్ దాటాక వేగం తగ్గించాను. వెనక సీట్లో పసిది నిద్రపోతోంది. ఆ రోజు వాన లేదు, టేకు ఆకుల మీద తెల్లటి ఎండ. దిగుడు వచ్చిందని విజయే ముందు గుర్తుపట్టింది. ఆ రోజు మేము దిగిన దారి ఇప్పుడు ఎదురెక్కాలి. ఆ వాన రోజు ఊడిపడిన రేకు గురించి రెండు చాయ్ దుకాణాల్లో అడిగాను, తెలియదన్నారు. ఇంకొంచెం పైకి వెళ్లాక ఒక పంక్చర్ దుకాణం, దాని వెనక మేకల కొట్టం కనిపించాయి.

కారు ఆపి దిగాను, దిగినవాణ్ని అక్కడే నిలబడిపోయాను. ఆ కొట్టానికి కంచె లేదు, గోడలు లేవు. ఉన్నవన్నీ నల్లటి ప్లాస్టిక్ రేకులే. పెద్దవి, చిన్నవి, చీలినవి, సగం విరిగినవి, ఎన్నో కార్ల కడుపులు. తీగలతో వేలాడదీసి ఉన్నాయి. గాలి వీచినప్పుడు అన్నీ ఒకదానికొకటి తగిలి తలుపులు తట్టినట్టు చప్పుడు చేస్తున్నాయి. మౌనిక కారు అద్దం పైకి ఎత్తుకుంది.

పంక్చర్ దుకాణం మనిషి ఏళ్లుగా రోడ్డు మీద దొరికినవన్నీ తెచ్చి కట్టుకున్నాడు. డిక్కీలోంచి మా సగం తీసి అతనికి ఇచ్చాను. అతడు ఏమీ అడగకుండా కొట్టం చుట్టూ తిరుగుతూ ఒక్కోదానికీ ఆనించి చూశాడు. వెనక వైపు, ఐదోదో ఆరోదో, పన్నుకు పన్ను పట్టింది.

ఇది పడిన రోజు ఏం జరిగిందని హిందీలో అడిగాను. పాలాయన పడ్డాడన్నాడు అతడు. విజయ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బతికే ఉన్నాడా అని అడిగాను. అతడు తీగ విప్పి ఆ సగాన్ని నా చేతికిచ్చి, రోడ్డు పక్క మట్టిబాట వైపు చూపించాడు.

పాలాయన ఇల్లు

వెదురు తడికల ఇల్లు, ముందర రెండు బర్రెలు. నలభై ఏళ్ల మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి కట్టు. నేను రెండు సగాలనూ అతని ముందు నేల మీద పెట్టి, ఇది నా కారుదని, నాకు తెలియలేదని చెప్పాను.

అతడు వంగి వాటిని చూశాడు. తర్వాత ఎడమచేత్తో ముట్టుకున్నాడు. వానలో కారు కింద నుంచి పెద్ద నల్లపిట్ట ఒకటి రెక్కలు విప్పి తన మీదికి లేచిందని అతడు ఊరందరికీ చెప్పాడట. ఊరు నమ్మింది. ఆ పిట్ట మళ్లీ రాకుండా అతని భార్య కోడిని కూడా కోసింది. రోజూ చిన్నకూతురు అతని మోటారు సైకిల్ మీద పాల క్యాన్ల మధ్య కూర్చుని బడి నుంచి వచ్చేది. ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయింది.

"పిట్ట కాదన్నమాట," అన్నాడు హిందీలో, భార్య వైపు తిరిగి.

అతని చెయ్యి నయమయ్యేదాకా పాలు పోయడానికి మనిషిని పెట్టే భారం నాదని చెప్పాను. అతడు సరేనని, ఎందుకు వెనక్కి వచ్చావని అడిగాడు. కోసాడ్‌లో ఒక తల్లి గురించి చెప్పాను. అతని భార్య లోపలికి వెళ్లి అందరికీ చాయ్ తెచ్చింది. చిన్నకూతురు వచ్చి మా మనుమరాలి పాదాలు పట్టుకుని చూసింది.

రోడ్డు మీదికొచ్చాక సంపత్‌కు ఫోన్ చేసి, లస్మవ్వకు ఇమ్మన్నాను. అతడు కిందికి దిగి, ఆమె తలుపు కొట్టి, ఫోన్ ఆమె చేతికి ఇచ్చేదాకా అన్నీ వినిపించాయి.

"ఉన్నడా?" అంది.

"ఉన్నడు అవ్వా. చెయ్యి ఇరిగింది. గంతే."

"నువ్వే పోయి చెప్పినవా?"

"నేనే పోయిన."

"ఏమన్నడు?"

"చాయ్ తాగిపించిండు."

అవతల ఆమె గడప మీద కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నా ఇంటికి ఎవ్వలు రాలే బిడ్డా," అంది లస్మవ్వ. "ఒచ్చి ఉంటే నేను గూడ చాయ్ పోసేదాన్ని."